బీరువాలోని ఎం-బుక్ బయటికి రావాలంటే: కార్పొరేషన్‌కి బయటి నిపుణుల్ని కలిపే పద్ధతి

పారదర్శకత కోసం నిపుణులు కావాలని మున్సిపల్ కమిషనర్ అడగ్గానే పేర్ల జాబితా పట్టుకెళ్లకండి. ఏ కాగితం ఎవరి టేబుల్ దగ్గర ఆగుతోందో ముందు చూడండి.

విజయవాడనే తీసుకుందాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగాక, నీళ్లు ఎటు పోతాయన్నది ఇంటింటి ప్రశ్న అయింది. మా వీధి కాలువలో పూడిక ఎప్పుడు తీశారు, ఎంత తీశారు? జవాబు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రాసే ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతల పుస్తకంలో ఉంటుంది: ఎక్కణ్ణించి ఎక్కడిదాకా, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం ఎన్ని క్యూబిక్ మీటర్లు. బిల్లు పాసయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. మనం తెరిపించాల్సింది ఆ బీరువానే.

అందుకే మొదటి పని కార్పొరేషన్‌తో ఒక పేజీ రాయించడం. ఏ రికార్డు, ఎవరి దగ్గరుంది, ఎవరికి కావాలి, ఎప్పటికల్లా కావాలి, అంతే. ఉదాహరణకి: “పూడిక తీసిన కాలువల కొలతలు బిల్లు పాసైన 7 రోజుల్లో, డివిజన్ల వారీగా, తెలుగులో, వెబ్‌సైట్లోనూ వార్డు సచివాలయం బోర్డు మీదా కనబడాలి.” ‘డిజిటల్ పాలన బలోపేతం’ అని రాసిస్తే వెనక్కివ్వండి. ఆ మాటకి పోర్టల్ అమ్మేవాళ్లే వస్తారు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4ని ఆ పేజీలోనే ఉదహరించండి. ఎవరూ అడక్కుండానే ప్రకటించాల్సిన 17 అంశాలు 4(1)(బి)లో ఉన్నాయి, స్థానిక భాష సంగతి 4(4)లో ఉంది. ‘ఇదంతా ఎందుకివ్వాలి’ అని ఫైలు మీద ప్రశ్న పడినప్పుడు సెక్షన్ క్లర్కుకి అదే అండ.

తర్వాత మనుషులు. ఒక్కరితో అయ్యే పని కాదిది. ఎం-బుక్ చదవగల రిటైర్డ్ ఇంజనీరు, డేటా శుభ్రం చేయగల మనిషి, జనం మధ్య కూర్చుని లెక్క చదివి వినిపించగలవారు కావాలి. మూడో రకం వాళ్లు మన దగ్గర బాగానే ఉన్నారు, ఉపాధి హామీ సోషల్ ఆడిట్ల పుణ్యమా అని. మ్యాపుల పనికి విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌నీ, డేటా పనికి ఆచార్య నాగార్జున యూనివర్సిటీనీ అడిగి చూడొచ్చు. బయోడేటా చూసి ఎంచుకోవద్దు. ఎం-బుక్ జిరాక్సు 2 పేజీలిచ్చి, గంటలో కాలమ్స్ గీయమనండి. ‘ఈ డివిజన్ నంబరు పాతదా, కొత్తదా?’ అని అడిగిన మనిషిని వదులుకోకండి. తనకీ ఇంట్లోవాళ్లకీ గత 3 ఏళ్లలో ఆ కార్పొరేషన్‌లో కాంట్రాక్టులేమీ లేవని రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఉచితంగా చేసినా సరే, ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఆఫీసు ఉత్తర్వు) ఉండాల్సిందే. అవి లేకుండా క్లర్కు రిజిస్టరు తెరవరు, తెరవకపోవడమే న్యాయం. నోడల్ అధికారిని, అంటే ఈ పనికి బాధ్యుడైన అధికారిని, పేరుతో కాక హోదాతో రాయించండి. రికార్డులు ఆఫీసులోనే చూడాలి, డేటా కార్పొరేషన్‌దే, లాగిన్లు కార్పొరేషన్ మెయిల్ మీదే ఉండాలి. నిపుణుడి సొంత మెయిల్‌తో మొదలెట్టిన పని ఆయనతోపాటే వెళ్లిపోతుంది. ఫీజు 3 వాయిదాలు: ఎం-బుక్ కొలతల్ని పట్టికలోకి ఎక్కించిన నమూనా షీటుకి 20 శాతం, 2 డివిజన్లు పూర్తయ్యాక 40, నిపుణుడి సాయం లేకుండా ఇద్దరు సిబ్బంది నెల రోజులు నడిపాక మిగిలిన 40. ఈ చివరి వాయిదా విషయంలో మెత్తబడొద్దు.

జనవరిలో ఆర్డరు, ఫిబ్రవరిలో నిరుటి పుస్తకాలతో నమూనా. మార్చిలో ఆపేయండి, బిల్లుల హడావుడిలో ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఎవరూ దొరకరు. ఏప్రిల్లో 2 డివిజన్లు, మేలో సిబ్బంది సొంతంగా. మొత్తం 64 డివిజన్లూ ఒకేసారి ఎత్తుకుంటే సగంలో ఆగుతుంది.

చెడేది ఎక్కువగా చిన్న చిన్న చోట్ల. అను (యూనికోడ్ కాని పాత తరహా) ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వేరే కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనబడుతుంది, ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. 3/4 అంటే ఏప్రిల్ 3 అని మనకి తెలుసు, ఎక్సెల్ మార్చి 4 అనుకోవచ్చు. నెల పేరు అక్షరాల్లో రాయండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ని కూడలేం, వెతకలేం, సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) కూడా పెట్టాలి. కాంట్రాక్టరు పేరూ బిల్లు మొత్తమూ ఉంచండి. ఫోన్, బ్యాంకు, ఆధార్ నంబర్లు తీసేయండి.

2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోల్ని వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసి, 2024 ఆగస్టులో మళ్లీ మొదలెట్టింది. అందుకే వెబ్‌సైట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కమిషనర్ బదిలీ అయినా పని నిలవాలంటే, ఆ కొలతల షీటు ప్రింటు జతచేస్తేనే అకౌంట్స్ సెక్షన్ బిల్లు తీసుకోవాలని సర్క్యులర్ ఇప్పించండి.

చివరగా సచివాలయం బోర్డు దగ్గర, ఆ డివిజన్లో ఉండే 5గురిని తమ వీధి వెతకమనండి. 2 నిమిషాల్లో దొరక్కపోతే పని నంబర్ల వరస తీసేసి, వీధి పేర్ల వరసలో మళ్లీ ప్రింటు తీయించండి.