కాలనీ వంకకు గ్రాంటు తెచ్చుకోవడం ఎలా?

శేషాచలం కొండల మీద పడ్డ వాన తిరుపతి వంకల్లోకి (చిన్న వాగుల్లోకి), కుంటల్లోకి దిగి, చివరికి స్వర్ణముఖి నదిలో కలవాలి. 2021 నవంబరులో ఆ దారి మూసుకుపోయిన చోటల్లా నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. అప్పటినుంచి వంకను బాగుచేసుకుందామని కమిటీలు లేస్తున్నాయి, ప్రతిపాదనలు రాస్తున్నాయి. మంచిదే. కానీ దిద్దిపెట్టమని నా దగ్గరికి తెచ్చే వాటిలో చాలావాటికి ఒకటే మూస. మొదటి పేజీలో కొంగల ఫొటో, రెండో పేజీలో నీరే ప్రాణాధారం, చివరి పేజీలో యాభై లక్షలు. వంక సర్వే నంబరు మాత్రం ఎక్కడా ఉండదు. అలాంటివి చదివీ చదివీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

సామాను

టేపు, పొడుగాటి కర్ర, తేదీ, జీపీఎస్ ముద్ర పడేలా ఫొటోలు తీసే ఫోను, ఒక రింగు ఫైలు. అంతే. డ్రోను అక్కర్లేదు. డ్రోను వీడియో చూసి డబ్బిచ్చినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. ఫొటోలు మే నెల ఎండలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వాన పడేటప్పుడు ఒకసారి, అవే చోట్ల నిలబడి తీయండి. పూడిక ఎంతుందో కర్ర దించి చూసి రాసుకోండి.

అడిగేది ఎవరు?

కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషను, సంఘం పేరిట పాన్, ఆడిట్ లెక్కలు, ఆదాయపన్ను శాఖ నుంచి ధర్మసంస్థగా నమోదు (12ఏ అనేవారు), దాతలకు పన్ను రాయితీ అనుమతి (80జీ అనేవారు), స్వచ్ఛంద సంస్థలకిచ్చే నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు ఉండాలి. కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన సీఎస్ఆర్ సొమ్ముకైతే సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు కూడా. 2021 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. మామూలు స్వచ్ఛంద సంస్థ అయితే ఇలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం చూపించాలి.

నిన్న పుట్టిన కమిటీ దగ్గర ఇవేవీ ఉండవు. కొత్త సంఘం పెట్టి మూడేళ్ళు కాచుక్కూర్చోవడం దండగ. అన్ని కాగితాలూ ఉన్న పాత సంస్థను పట్టుకుని, పని ఎవరిది, లెక్క ఎవరిది అని ఒప్పందం రాసుకోండి. విదేశీ విరాళాల జోలికి పోకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా తీసుకుంటే అది కేసు దాకా పోయే వ్యవహారం.

హద్దు తేల్చుకోవడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. దయచేసి నిదానంగా చదవండి.

డబ్బిచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఈ భూమి ఎవరిది? అందులో పని చెయ్యమని మీకు ఎవరు రాసిచ్చారు?" అని. దీనికి కాగితం చూపించలేనివాళ్ళు బడ్జెట్ వేసుకోవడం ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ముందు మీ గ్రామ, వార్డు సచివాలయంలో సర్వేయరును కలిసి గ్రామ పటం చూడండి. వంక ఒక్క సర్వే నంబరులో ఇమిడిపోయి ఉండదు. నాలుగైదు నంబర్లు దాటి పోతుంది, ఒక్కోసారి పక్క గ్రామంలోకీ పోతుంది. ప్రతి నంబరుకూ ఎఫ్ఎంబీ (కొలతలతో గీసిన పటం), అడంగల్ (ఏ భూమి ఏ రకమో, ఎవరి చేతిలో ఉందో రాసే రికార్డు) నకలు తీసుకోండి. ఇవాళ్టి అడంగల్ ఒక్కటే చూసుకుని సంబరపడకండి. మధ్యలో ఎవరో ఏదో మార్చి ఉండొచ్చు. అసలు లెక్క సెటిల్‌మెంటు నాటిది, అంటే భూములు కొలిచి, రకం తేల్చి రాసినప్పటిది. రైత్వారీ గ్రామమైతే, అంటే రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన ఊరైతే, ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత సెటిల్‌మెంటు రిజిస్టరు చూడాలి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు లాంటి జమీందారీల కింద ఉండిన గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. అందులో 'వాగు పోరంబోకు', 'కాలువ పోరంబోకు', 'చెరువు పోరంబోకు' అని ఏది రాసుందో ఉన్నదున్నట్టు ప్రతిపాదనలో ఎక్కించండి. నకలు ఇవ్వకుండా తిప్పుకుంటుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రీసర్వే అయిపోయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. రెండూ పక్కపక్కన పట్టిక వేయండి, లేకపోతే పాత రికార్డుకూ కొత్త రికార్డుకూ లంకె కుదరదు.

ఇంకో సంగతి, చదువుకున్నవాళ్ళు కూడా తప్పు చేసేది. పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసుకు 100 లింకులు, 66 అడుగులు. అంటే లింకు ఒక అడుగు కూడా కాదు, 0.66 అడుగు. పటంలో వంక వెడల్పు 150 అని ఉంటే 99 అడుగులన్నమాట. దాన్ని మీటర్లనుకుంటే 492 అడుగులవుతుంది. అలా లెక్కేసుకుని వంక గట్టు మీది వీధి వీధంతా ఆక్రమణే అని అర్జీ పెట్టినవాళ్ళున్నారు. తర్వాత వాళ్ళ నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మలేదు.

లెక్క కుదిరాక తహసీల్దారుకు అర్జీ పెట్టండి. ఎఫ్-లైన్ దరఖాస్తు పట్టాదారులు తమ పొలం హద్దు కోసం పెట్టుకునేది, దాంతో మీకు పని జరగదు. పోరంబోకు కొలిచి హద్దు చూపించమని, సంయుక్త తనిఖీ జరపమని విడిగా రాయాలి. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకోండి. తనిఖీ రోజున సర్వేయరు, వీఆర్వో, నీటిపారుదల శాఖ ఇంజనీరు, నగరపాలక సంస్థ మనిషి నలుగురూ ఒకే పూట రావాలి. విడివిడిగా వస్తే ఒకరు చూపిన హద్దు ఇంకొకరు ఒప్పుకోరు. హద్దు రాళ్ళు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో స్కెచ్చి గీయించి, అందరి సంతకాలూ అక్కడే పెట్టించుకోండి. "ఆఫీసుకు రండి, పెడతాం" అంటే నవ్వి ఊరుకోండి, పెన్ను చేతికివ్వండి.

ఆ భూమి అందరిదీ అనిపించినా యజమానులు వేరువేరు. భూమి రెవెన్యూది, ఆయకట్టున్న చెరువు కట్టా తూమూ నీటిపారుదల శాఖవి, వాననీటి కాలువ నగరపాలక సంస్థది. కొండ పక్కకు పోతే అటవీ శాఖ హద్దు మొదలవుతుంది. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం వైపైతే గుంత తవ్వాలన్నా వాళ్ళనడగాలి. చెరువుకు 1997 చట్టం కింద నీటి సంఘం ఉంటే దాని తీర్మానం కూడా తీసుకోండి. ఆయకట్టు రైతులకు చెప్పకుండా పట్టణంవాళ్ళు చెరువులోకి దిగితే రెండో రోజే గొడవ.

ఆక్రమణలుంటే ఏం చెయ్యాలి? గ్రాంటు సొమ్ముతో ఇళ్ళు తీయించలేరు, తీయించే అధికారమూ మీకు లేదు. వంకలో వివాదం లేని భాగాన్ని వేరుగా గుర్తించి, అందులో పనికి మాత్రమే డబ్బడగండి. ఆక్రమించినవాళ్ళ పేర్లు ప్రతిపాదనలో రాయొద్దు. ఆ సంగతి తహసీల్దారుకిచ్చే అర్జీలో ఉండాలి. ఊరి నీటివనరులను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అర్జీలో ఆ తీర్పుల ప్రస్తావన ఉండాలి.

చివరగా నిరభ్యంతర పత్రం. అధికారి నోటిమాటకు విలువ ఆయన బదిలీ అయ్యేంతవరకే. పత్రంలో సర్వే నంబర్లు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఏయే పనులు, ఎంతకాలం, తర్వాత నిర్వహణ ఎవరిది అన్నీ ఉండాలి. ఇది చేతికొచ్చేదాకా బడ్జెట్ ముట్టుకోవద్దు.

ఎవరిని అడగాలి?

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. పర్యావరణం, సహజ వనరుల రక్షణ ఏడో షెడ్యూల్లో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. కాబట్టి ముందు రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలను అడగండి, ముంబయి ఆఫీసులకు తర్వాత రాసుకోవచ్చు. జనవరి, ఫిబ్రవరిలో పోతే మరుసటి ఏడాది ప్రణాళికలో చోటు దొరుకుతుంది. మార్చి ఆఖర్లో పోతే మిగులు సొమ్ము చేతిలో పెట్టి, పది రోజుల్లో బిల్లులు తెమ్మంటారు. వద్దనండి.

ప్రభుత్వ దారిలో, పట్టణాల నీటికోసం కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకంలో నీటివనరుల పునరుద్ధరణను చేర్చారు. కానీ ప్రతిపాదన నగరపాలక సంస్థ నుంచే పోవాలి, మీరు దానికి ఆధారాలు అందించేవాళ్ళు మాత్రమే. కేంద్రం చిత్తడి నేలల పథకమూ అంతే, రాష్ట్రం ద్వారా పోవాలి. పైగా 2017 చిత్తడి నేలల నిబంధనల నిర్వచనంలోంచి నదీ ప్రవాహ మార్గాలను, సాగునీటి కోసం కట్టిన చెరువులను తీసేశారు. తెలియక ప్రతి చెరువునూ చిత్తడి నేల అని రాస్తే మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు.

ప్రతిపాదన

నాలుగు పేజీలు. ఐదో పేజీ ఎవరూ చదవరు. మొదటి పేజీలో సర్వే నంబర్లు, స్కెచ్చి, పత్రాల జాబితా.

పనుల వరసలో నాది ఒకటే నియమం: ముందు మురుగు ఆపాలి, తర్వాత నీళ్ళొచ్చే దారి తెరవాలి, తర్వాతే పూడిక. జనానికి పూడికంటే మోజు, జేసీబీ కనబడుతుంది కదా. మన చెరువులు గొలుసుకట్టువి, పై చెరువు మొరవ (అలుగు) పోతేనే కింది చెరువుకు నీళ్ళు. మధ్య కాలువ సర్కారు తుమ్మతో మూసుకుపోయి ఉంటే ఎంత లోతు తవ్వినా దిగేది డ్రైనేజీ నీళ్ళే, ఆర్నెల్లకు పైన పరుచుకునేది గుర్రపుడెక్కే. నీటి పరీక్షలో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), బీఓడీ (మురుగు కుళ్ళడానికి లాగేసుకునే ఆక్సిజన్) రాయించండి. స్నానానికి పనికొచ్చే నీటికి లీటరుకు డీఓ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. ఆ రెండు అంకెల ముందు కొంగల ఫొటో దిగదుడుపే.

పూడిక లెక్క గాలిలో వేయకండి. ఎకరంలో ఒక అడుగు మందం తీస్తే దాదాపు 1,233 ఘనపు మీటర్లు. ట్రాక్టరుకు మూడు పడుతుందనుకుంటే నాలుగు వందల పైచిలుకు లోడ్లు. ధరలు ప్రభుత్వ ఎస్ఎస్ఆర్ (పనుల ధరల పట్టిక) నుంచే తీసుకోండి, జీఎస్టీ విడిగా చూపండి. వాకింగ్ ట్రాక్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింటు పెట్టొద్దు. పెడితే ముందు అవే కడతారు, శిలాఫలకం పడుతుంది, వంక వంకలాగే ఉంటుంది.

డబ్బు వచ్చాక

దీనికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. సొమ్ము విడతలుగా వస్తుంది, మొదటి విడత ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం ఇస్తేనే రెండోది. మట్టిపని అక్టోబరులోపు ముగిసిపోవాలి, నవంబరు వాన ఎవరికోసమూ ఆగదు. పూడిక మట్టి కోసం ఇటుక బట్టీలవాళ్ళు రాత్రిపూట వస్తారు. అందుకని ఏ ట్రాక్టరు, ఎన్ని లోడ్లు, ఏ రైతు పొలానికి అని రిజిస్టరు పెట్టి రోజూ సంతకం చేయించుకోండి. రెండో విడత ఇచ్చే ముందు డబ్బిచ్చేవాళ్ళు తిరగేసేది ఆ రిజిస్టరునే.