ఎరువు గుళికల్లో నత్రజని ఏ రూపంలో ఉందో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

పేరు చెరిగిపోయిన డబ్బాలో తెల్లటి గుళికలు మిగిలాయి. యూరియానా, అమ్మోనియం సల్ఫేటా, సురేకారమా (పొటాషియం నైట్రేట్)? చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మూడింటిలోనూ నత్రజని ఉంది, కానీ ఉన్న రూపం వేరు. వేర్లు ప్రధానంగా అమ్మోనియం, నైట్రేట్ రూపాల్లోనే దాన్ని పీల్చుకుంటాయి. యూరియాను ముందు నేలలోని సూక్ష్మజీవుల ఎంజైములు విడగొట్టాలి. నైట్రేట్ నీళ్లతో పాటు కిందికి జారిపోతుంది. అమ్మోనియాన్ని మాత్రం బంకమట్టి పట్టి ఉంచుతుంది. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, అమ్మోనియం మీద ధనావేశం, అందుకు. కాబట్టి ఏ రూపమో తెలియకుండా కుండీలో చల్లడం గుడ్డిగా చేసే పనే.

దీన్ని తేల్చడానికి పసుపు, తడి సున్నం, పచ్చి సోయా గింజలు చాలు. నైట్రేట్ దగ్గర మాత్రం ఒక వస్తువు కొనాల్సి వస్తుంది.

మొదలుపెట్టే ముందు

కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి, కిటికీ తీసి ఉంచండి. తడి సున్నం అంటే నీళ్లు పోసి పూర్తిగా చల్లారిపోయినది. పొడి సున్నం జోలికి వెళ్లొద్దు, నీళ్లు తగలగానే సలసల కాగి మీద చిందుతుంది. ఏ దశలోనూ పొయ్యి వెలిగించే పని లేదు. తెలియని గుళికలు అమ్మోనియం నైట్రేట్ కావచ్చు, దాన్ని వేడి చేయడం ప్రాణాంతకం. 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో పేలింది అదే, సుమారు 2,750 టన్నులు.

1. పసుపు కాగితం తయారు చేసుకోండి

అర చెంచా పసుపును రెండు చెంచాల స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు వదిలేయండి. నీళ్లలో కలిపితే లాభం లేదు. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. పైన తేరిన ద్రవంలో వడపోత కాగితాన్ని ముంచి, నీడలో ఆరబెట్టి, వేలెడు పట్టీలుగా కత్తిరించుకోండి. స్పిరిట్ దగ్గర మంట ఉండకూడదు.

ఈ కాగితం క్షారం తగిలితే ఎర్రటి గోధుమ రంగుకు మారుతుంది. సబ్బు నీళ్ల చుక్క వేసి పరీక్షించుకోండి. రంగు మారకపోతే పసుపు నాసిది అయి ఉండవచ్చు.

2. కరిగించి చేత్తో పట్టుకోండి

అర గ్లాసు నీళ్లలో రెండు చెంచాల గుళికలు వేసి కలపండి. యూరియా అయితే గ్లాసు చల్లబడటం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. కరగడానికి కావలసిన శక్తిని అది నీళ్ల నుంచే లాక్కుంటుంది. దెబ్బ తగిలినప్పుడు నలిపి పెట్టుకునే తక్షణ చల్లదనపు సంచుల్లో ఉండేది ఇదే సూత్రం. అమ్మోనియం సల్ఫేట్ అంతగా చల్లబడదు. అయితే సురేకారం, అమ్మోనియం నైట్రేట్ కూడా గ్లాసును చల్లబరుస్తాయి కాబట్టి ఇది ఆధారమే, తీర్పు కాదు.

3. సున్నం కలపండి

అసలు పరీక్ష ఇదే. మూత ఉన్న చిన్న గాజు సీసా తీసుకోండి. మూత లోపలి వైపు పసుపు కాగితం ముక్కను తడిపి అంటించండి. తడి తప్పనిసరి, ఎందుకంటే అమ్మోనియా వాయువు నీళ్లలో కరిగితేనే క్షారంగా పనిచేస్తుంది. సీసాలో రెండు చెంచాల ద్రావణం పోసి, పావు చెంచా సున్నం వేసి, వెంటనే మూత పెట్టి కదపకుండా ఉంచండి.

అమ్మోనియం లవణమైతే ఒకటి రెండు నిమిషాల్లో కాగితం ఎర్రబడుతుంది. నవసాగరంతో, అంటే అమ్మోనియం క్లోరైడ్‌తో, బడి ప్రయోగశాలలో అమ్మోనియా తయారు చేసేదీ ఇలాగే. సున్నంలోని హైడ్రాక్సైడ్, అమ్మోనియం నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన అమ్మోనియా పైకి లేస్తుంది. దాని అణుభారం 17, గాలి సగటు 29, కనుక గాలి కంటే తేలిక. వాసన చూడాలనిపిస్తే ముక్కు సీసా మీద పెట్టకండి, చేత్తో కాస్త గాలిని మీ వైపుకు విసురుకోండి.

ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. యూరియా సీసా మూత మీద కాగితం గోధుమ రంగుకు తిరిగితే, అది అమ్మోనియం లవణమని చీటీ అంటించి పెట్టాను. తీరా చూస్తే సీసా అంచున అంటుకున్న సున్నం తుంపర కాగితానికి తగిలింది. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఎర్రబడిన కాగితాన్ని బయటికి తీసి అయిదు పది నిమిషాలు గాలికి పెడతాను. అమ్మోనియా వల్ల మారిన రంగు వాయువు ఎగిరిపోయాక మళ్లీ పసుపుకు తిరుగుతుంది. సున్నం మచ్చ అంత త్వరగా వదలదు. అన్ని చోట్లా సమానంగా మారిందా, చుక్కలు చుక్కలుగా మారిందా అన్నది కూడా చూడండి. చుక్కలుంటే నమ్మకండి.

4. రంగు మారకపోతే సోయా

చల్లటి సున్నం నీళ్లలో యూరియా అంత తొందరగా విడిపోదు. దానికి యూరియేజ్ అనే ఎంజైము కావాలి. పచ్చి సోయా గింజల్లో అది దండిగా ఉంటుంది. 1926లో అమెరికా రసాయనవేత్త జేమ్స్ సమ్నర్ జాక్ చిక్కుడు గింజల నుంచి దీన్ని స్ఫటికాలుగా వేరు చేసి, ఎంజైములు ప్రోటీన్లేనని చూపించాడు. అంతవరకు చాలామంది ఒప్పుకోని సంగతి అది. ఆయనకు 1946లో నోబెల్ వచ్చింది.

పది గింజలు రాత్రంతా నానబెట్టి ముద్దగా రుబ్బండి. కొత్త గాజు సీసాలు రెండు తీసుకుని, ఒకదానిలో గుళికల ద్రావణం, రెండోదానిలో ఉత్త నీళ్లు పోసి, రెండింట్లోనూ సమానంగా ముద్ద వేయండి. మూతలకు తడి పసుపు కాగితాలు పెట్టి, కాస్త వెచ్చగా ఉండే చోట అరగంట ఉంచండి. తర్వాత సున్నం వేయండి. ముందే వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. గుళికల సీసా కాగితం ఎర్రబడి, ఉత్త నీళ్ల సీసా కాగితం అలాగే ఉంటే ఉన్నది యూరియా. నీళ్ల సీసా ఎందుకంటారా? అది లేకపోతే రంగు యూరియా వల్ల వచ్చిందో, సోయా ముద్దలోని ఇంకేదో దాని వల్ల వచ్చిందో చెప్పలేం.

వేయించిన, ఉడికించిన సోయా పనికిరాదు. వేడికి ఎంజైము పాడవుతుంది. పశువుల దాణాకు వాడే సోయా పిండి సరిగా వేడి చేశారో లేదో పరీక్షించేటప్పుడు కూడా యూరియేజ్ ఎంత మిగిలిందో కొలుస్తారు. తాజా మూత్రానికి లేని ఘాటు నిలవ మూత్రానికి ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. సూక్ష్మజీవుల్లోని యూరియేజే అక్కడ పనిచేసేది.

5. అదీ ఇదీ కాకపోతే నైట్రేట్

రెండు పరీక్షల్లోనూ రంగు మారకపోతే నైట్రేట్ కావచ్చు. చేపల తొట్టి నీళ్లకు అమ్మే నైట్రేట్ పట్టీ ఒకటి తెచ్చుకోండి. మీ ద్రావణం దానికి మరీ చిక్కన, కాబట్టి ఒక చుక్కను గ్లాసు నీళ్లలో వేసి ఆ నీళ్లలో పట్టీ ముంచండి. గులాబీ రంగు వస్తే నైట్రేట్ ఉన్నట్టు. ప్రయోగశాలలో అయితే గోధుమ వలయ పరీక్ష చేస్తారు, దానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. ఇంట్లో దాని ఊసే వద్దు. మూడో అడుగులో ఎర్రబడిన ద్రావణానికి కూడా ఈ పట్టీ పరీక్ష చేయండి. రెండూ పలికితే అమ్మోనియం నైట్రేట్ కావచ్చు, అలాంటి డబ్బాను వేడికి, నూనెకు, చెత్తకు దూరంగా పెట్టండి.

నైట్రోజన్ అనే పేరు సురేకారం నుంచే వచ్చింది. 1790లో ఫ్రెంచి రసాయనవేత్త షాప్టాల్ 'సురేకారాన్ని పుట్టించేది' అన్న అర్థంలో ఆ పేరు పెట్టాడు. నత్రజనిలోని 'జని' కూడా అదే.

ఎంత నత్రజని ఉంది?

పేరు తెలిశాక లెక్క తేలిక. యూరియా అణుభారం 60, అందులో నత్రజని వాటా 28, అంటే 46.7 శాతం. అమ్మోనియం సల్ఫేట్‌లో 132కి 28, అంటే 21 శాతం. సురేకారంలో 101కి 14, దాదాపు 14 శాతం. ఒకే చెంచాకు మూడు వేర్వేరు మోతాదులు. యూరియాను సల్ఫేట్ అనుకుని అదే కొలతతో వేస్తే, మొక్కకు రెట్టింపు కంటే ఎక్కువ పడుతుంది, ఆకుల అంచులు మాడతాయి.

సీసాలు కడగడానికి మాత్రం బ్లీచ్ వాడొద్దు. అమ్మోనియా మిగిలి ఉంటే దానితో కలిసి క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. మామూలు నీళ్లతో రెండు మూడు సార్లు కడిగితే చాలు.