బిట్లు వదలడం కూడా నేర్చుకోవాలి: తిరుపతి, చిత్తూరు నుంచి క్యాట్‌కు ఎలా చదవాలి?

ఇంటర్ రెండేళ్లూ ఎంసెట్ కోసం చదివిన చేతికి ఒక అలవాటు పడిపోతుంది. 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. చివరి అయిదు నిమిషాల్లో మిగిలిన బిట్లన్నిటికీ ఏదో ఒకటి పెట్టేసి బయటికొస్తాం. రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్‌లోనూ అంతే: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకు కోత లేదు. ఐఐఎంల్లో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్‌లో మాత్రం ఈ అలవాటే దెబ్బతీస్తుంది. లెక్క రాక పోయే మార్కుల కన్నా, వదలాల్సిన లెక్క పట్టుకుని కూర్చుని పోగొట్టుకునే మార్కులు ఎక్కువ. అందుకే ఏం చదవాలి అన్నదానితో పాటు ఏం వదలాలి అన్నది కూడా మొదటి నెల నుంచే సాధన చేయాలి.

ముందు పేపర్ ఎలా ఉంటుందో చూడండి

కొన్నేళ్లుగా క్యాట్ నవంబరు చివరి ఆదివారం జరుగుతోంది. 2020 నుంచి ఒకేరోజు మూడు సెషన్లు: ఉదయం 8.30కి, మధ్యాహ్నం 12.30కి, సాయంత్రం 4.30కి. ఒక్కో సెషన్ రెండు గంటలు. మొదట ఇంగ్లిష్, తర్వాత డేటా–లాజిక్, చివర మ్యాథ్స్. దేనికదే 40 నిమిషాలు. ఇంగ్లిష్‌లో పది నిమిషాలు మిగిలాయి కదా అని మ్యాథ్స్‌కు వాడుకోవడం కుదరదు. ఆ భాగం గడియారం పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి.

2024లోనూ 2025లోనూ 68 ప్రశ్నలు ఇచ్చారు: ఇంగ్లిష్ 24, డేటా–లాజిక్ 22, మ్యాథ్స్ 22. ఒప్పుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పుకు 1 కోత. జవాబు మనమే టైపు చేసే ప్రశ్నలూ కొన్ని ఉంటాయి. వాటికి కోత లేదు. మొత్తం 204 మార్కుల్లో సగం కూడా రాకపోయినా 99 పర్సంటైల్ (అంటే రాసినవాళ్లలో 99 శాతం మంది కన్నా పైన) వచ్చిన సంవత్సరాలే ఈమధ్య చూస్తున్నాం. అంటే సగం పేపర్ వదిలేసినవాడు కూడా పైవరసలో నిలబడొచ్చు, చేసిన సగం శుభ్రంగా చేస్తే.

ఒక లెక్క వేసి చూడండి. మ్యాథ్స్‌లో ఒకరు 18 ఆప్షన్ ప్రశ్నలు చేసి 11 ఒప్పు, 7 తప్పు తెచ్చుకున్నారు: 33 మైనస్ 7, వచ్చింది 26. ఇంకొకరు 12 మాత్రమే చేసి 10 ఒప్పు, 2 తప్పు: వచ్చింది 28. ఆరు ప్రశ్నలు తక్కువ చేసి రెండు మార్కులు ఎక్కువ.

గుడ్డిగా పెట్టడం గురించి కూడా తేల్చుకుందాం. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున లాభం సున్నా: నాలుగుసార్లలో ఒకసారి 3 వస్తే, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టొచ్చు, సగటున ఒక మార్కు లాభం. ఒక్కటే కొట్టేయగలిగితే ఆ లాభం మూడో వంతు మార్కే, దాని కోసం రెండు నిమిషాలు తగలేయడం దండగ. టైపు చేసే ప్రశ్నకు జవాబు దాదాపుగా తేలితే ఖాళీగా వదలకండి.

అప్లికేషన్: ఆగస్టులో చేసే తప్పు ఫిబ్రవరిలో బయటపడుతుంది

రిజిస్ట్రేషన్ సాధారణంగా ఆగస్టు 1న మొదలై సెప్టెంబరు దాకా ఉంటుంది. 2025లో ఫీజు 2,600 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,300. డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం. ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్లూ రాయొచ్చు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది రెండుచోట్ల. మొదటిది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, లేదా అటుదిటు. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులో పేరు ఎలా ఉందో అప్లికేషన్‌లోనూ అలాగే ఉండాలి. తేడా ఉంటే జూన్, జులైలోనే ఆధార్ సరిచేయించుకోండి.

రెండోది కులం, ఆదాయం సర్టిఫికెట్లు. రాష్ట్రంలో బీసీ–ఎ, బీసీ–డి అని ఉన్న సర్టిఫికెట్ ఐఐఎంలకు సరిపోదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో నాన్–క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి. రెండింటికీ గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తాయి. దరఖాస్తు పెట్టేటప్పుడే "కేంద్ర ప్రభుత్వ సంస్థల కోసం" అని గట్టిగా చెప్పండి. లేకపోతే అలవాటుగా రాష్ట్ర నమూనా చేతిలో పెడతారు, మళ్లీ మొదటికే.

పరీక్ష నగరాలు ఐదింటిని వరుసగా ఎంచుకోవాలి. తిరుపతి వాళ్లు తిరుపతి, నెల్లూరు, చెన్నై అనుకోవడం సహజమే. చిత్తూరు వాళ్లకు తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లయితే వేలూరు అందులో సగమే. కుప్పం, పలమనేరు వాళ్లకు బెంగళూరు వీలు. జిల్లా పేరు చూసి కాదు, బస్సు చూసి పెట్టుకోండి.

ఆరు నెలల సమయం ఎలా పంచుకోవాలి

మే చివర్లో మొదలుపెడితే 26 వారాలు దొరుకుతాయి. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ రెండు గంటలు, ఆదివారం నాలుగు: వారానికి 16, మొత్తం 416 గంటలు. ఉద్యోగం చేస్తున్నవాళ్లకైనా, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం వాళ్లకైనా ఇది అందే లెక్కే. రోజుకు పది గంటల టైంటేబుల్ గోడకు అంటించినవాళ్లు రెండో వారానికి అటువైపు చూడటం మానేస్తారు.

జులై ఆఖరు దాకా మ్యాథ్స్ పునాది, ఇంగ్లిష్ చదువు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక్కో భాగానికి 40 నిమిషాల విడి పరీక్షలు. పూర్తి మాక్ టెస్టులు (నమూనా పరీక్షలు) మొదటి నుంచీ కొన్ని రాస్తూ, అక్టోబరు నుంచి ఎక్కువ రాయాలి. నవంబరులో సెమిస్టర్ పరీక్షలు పడే కాలేజీలు చాలా ఉన్నాయి కాబట్టి సెమిస్టర్ చదువు కూడా అక్టోబరులోనే కొంత ముగించుకోవాలి.

మ్యాథ్స్: అన్నీ కాదు

ఎంపీసీ చదివినవాళ్లు నేరుగా పర్ముటేషన్లు, లాగరిథమ్‌ల మీద పడతారు. మార్కుల మూట అక్కడ లేదు. ఈమధ్య పేపర్లలో అంకగణితం, బీజగణితం కలిపి సగం పైనే ఉంటున్నాయి. శాతాలు, నిష్పత్తి, లాభనష్టాలు, సగటు, మిశ్రమాలు, కాలం–పని, కాలం–దూరం ముందు పూర్తిచేయండి. తర్వాత సమీకరణాలు, అసమానతలు, ఫంక్షన్లు. ఆపైన రేఖాగణితం. సంఖ్యామానం, పర్ముటేషన్లు చివర.

ఒక్కో అధ్యాయానికి 60 నుంచి 80 లెక్కలు చాలు: సులభమైనవి 30, మధ్యరకం 30, మిగిలినవి పాత క్యాట్ పేపర్ల నుంచి. బీకాం, బీఏ వాళ్లు భయపడక్కర్లేదు. పదో తరగతి లెక్కలు గట్టిగా ఉంటే అంకగణితం అందుతుంది. వాళ్లు జూన్ నెలంతా దానికే ఇచ్చుకోవాలి.

తప్పు ఆప్షన్లు ఎలా తయారవుతాయో తెలుసుకోవడం చాలా ముఖ్యం. ఉదాహరణకు: చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు వేగం గంటకు 35, వచ్చేటప్పుడు 70. సగటు వేగం ఎంత? తొందరలో ఉన్నవాడు రెండూ కలిపి రెండుతో భాగించి 52.5 అంటాడు. ఆ 52.5 ఆప్షన్లలో ఉంటుంది, అతని కోసమే పెడతారు. నిజానికి వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి ఒకటి. 140ని మూడుతో భాగిస్తే 46.67. మన జవాబు ఆప్షన్లలో కనబడింది కాబట్టి ఒప్పే అనుకోవడం క్యాట్‌లో కుదరదు.

తెర మీద క్యాలిక్యులేటర్ ఉంటుంది కానీ మౌస్‌తో నొక్కుతూ పోతే నిమిషాలు కరిగిపోతాయి. 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు, 1/7 అంటే 14.28 శాతం, 1/11 అంటే 9.09, 1/13 అంటే 7.69, ఇలాంటివి నోటికి రావాలి. ఎక్కాలు 20 దాకా రానివాళ్లు సిగ్గుపడకుండా ఇప్పుడు బట్టీ పట్టండి.

డేటా–లాజిక్: ఎంపికలోనే సగం పని

22 ప్రశ్నలు ఐదు సెట్లుగా వస్తాయి: రెండిట్లో ఐదేసి, మూడిట్లో నాలుగేసి. సిలబస్ అంటూ లేదు. ఇక్కడే మంచి విద్యార్థులూ మునుగుతారు, ఎందుకంటే మొదటి సెట్ మొదటగా కనబడుతుంది కాబట్టి దాన్నే మొదలుపెడతారు.

తెర తెరుచుకోగానే నాలుగైదు నిమిషాలు ఐదు సెట్లూ చదవండి, పెన్ను ఎత్తకండి. ఒక్కోదాని గురించి రెండే ప్రశ్నలు: ఇచ్చిన సమాచారాన్ని పట్టికలోనో బొమ్మలోనో వేయగలనా? కచ్చితమైన అంకెలు రెండుమూడైనా ఇచ్చారా? రెండిటికీ అవునంటే అది మొదటి సెట్. మొదలుపెట్టాక 8 నిమిషాలకు పట్టికలో సగం గళ్లు కూడా నిండకపోతే లేచిపోవాలి. అన్నీ షరతులే ఉండి అంకె ఒక్కటీ లేని సెట్ చూడటానికి చిన్నదిగా ఉంటుంది, నమ్మొద్దు.

రెండు సెట్లు పూర్తిగా, తప్పులేకుండా చేస్తే 8 నుంచి 10 ప్రశ్నలు, అంటే 24 నుంచి 30 మార్కులు. నాలుగు సెట్లు సగం సగం చేసినవాళ్లకు ఇందులో సగం రావడం కూడా కష్టం. సాధనకు రోజూ రెండు సెట్లు, గడియారం పెట్టుకుని. 2020 నుంచి 2024 దాకా మూడేసి సెషన్ల చొప్పున 15 పేపర్లు ఉన్నాయి. క్యాట్ అధికారిక సైట్‌లో పాత పేపర్లు పెడుతుంటారు. వాటిలో కనీసం రెండు ఏళ్లవి అక్టోబరు దాకా ముట్టకండి, మాక్‌లుగా పనికొస్తాయి.

ఇంగ్లిష్: వార్త చదవడం సరిపోదు

24లో 16 ప్రశ్నలు నాలుగు పాసేజీల మీద, ఒక్కోదానికి నాలుగు. మిగిలినవి పేరా సారాంశం, వాక్యాల వరుస, పొసగని వాక్యం, వాక్యాన్ని సరైన చోట పెట్టడం. వ్యాకరణం, పదాల అర్థాలు విడిగా అడగడం లేదు కాబట్టి పదాల జాబితాలు బట్టీ పట్టడం మానేయండి.

ది హిందూ సంపాదకీయం చదవమని అందరూ చెబుతారు. మొదలుపెట్టడానికి మంచిదే. కానీ పాసేజీలు తత్వశాస్త్రం, మానవశాస్త్రం, పర్యావరణం, సాహిత్య విమర్శ లాంటి వ్యాసాల నుంచి వస్తాయి. సుమారు 500 పదాలు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు రోజూ ఒక సంపాదకీయం, తర్వాత రోజూ ఒక పొడవైన వ్యాసం చదవాలి. చదివాక పక్కన పెట్టి, రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులోనైనా రాయండి. రాయలేకపోతే మళ్లీ చదవండి. ఈ ఒక్క పని ఆరు నెలలు చేసినవాళ్లకు పాసేజీ భయం పోతుంది. ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులైతే లైబ్రరీలో కూర్చోండి. గదిలో ఫోన్ ఊరుకోదు.

పాసేజీల్లో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, జవాబు నిజమేనా అని చూస్తాం గానీ అది ఆ పాసేజీలో ఉందా అని చూడం. మనకు తెలిసిన విషయం, లోకంలో నిజమైన విషయం, రచయిత అనని విషయం: మూడూ కలిసిన ఆప్షన్ ఒకటి దాదాపు ప్రతిసారీ ఉంటుంది. "ఎప్పుడూ", "మాత్రమే" లాంటి మాటలున్న ఆప్షన్‌ను రెండోసారి అనుమానించండి.

మాక్ రాయడం రెండు గంటలు, చూసుకోవడం నాలుగు గంటలు

జూన్, జులైల్లో నెలకు రెండు, తర్వాత రెండు నెలలు వారానికి ఒకటి, అక్టోబరు నుంచి వారానికి రెండు: సుమారు 28 మాక్‌లు అవుతాయి. స్కోరు చూసి మూసేస్తే 50 రాసినా ఒకటే.

ఒక నోటుబుక్‌లో ప్రతి ప్రశ్ననూ ఐదు గుంపుల్లో ఒకదాంట్లో వేయండి: త్వరగా ఒప్పు, ఒప్పే గానీ నాలుగు నిమిషాలు తిన్నది, రాక తప్పు, వచ్చీ తప్పు, చేయగలిగీ వదిలింది. రాక తప్పయితే ఆ అధ్యాయానికి వెళ్లాలి. వచ్చీ తప్పులు మాక్‌కు నాలుగు దాటుతుంటే, చేసే ప్రశ్నలు రెండు తగ్గించండి. చేయగలిగీ వదిలినవి ఎక్కువైతే పేపర్ మొత్తం ఒక చుట్టు చూడటం లేదని అర్థం. రెండో గుంపే అసలు దొంగ: ఒప్పు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అది తిన్న నిమిషాల్లో రెండు సులభమైన ప్రశ్నలు పోయి ఉంటాయి.

మాక్ రాసేటప్పుడు కీబోర్డు ముట్టకండి. అసలు పరీక్షలో టైపు చేసే జవాబులు కూడా తెర మీది అంకెల్ని మౌస్‌తో నొక్కే ఇవ్వాలి, కీబోర్డు నొక్కితే తెర లాక్ అవుతుంది. అడ్మిట్ కార్డులో సెషన్ తెలిశాక మిగిలిన మాక్‌లన్నీ ఆ గంటకే రాయండి.

పరీక్ష వారం

నవంబరు చివర అంటే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021లో తిరుపతిని వరద ముంచెత్తింది క్యాట్‌కు పదిరోజుల ముందే. వాన పడితే రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి కాబట్టి సెంటర్‌కు రెండో దారి ముందే చూసుకోండి. పైగా ఆదివారం, కొన్నేళ్లు కార్తీకమాసం, తిరుచానూరు బ్రహ్మోత్సవాలు కూడా ఆ రోజుల్లోనే. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఉదయం సెషన్ పడితే శనివారమే వచ్చేయాలి. గది దొరుకుతుందని రాత్రి దిగితే కష్టం. అడ్మిట్ కార్డు రాగానే బంధువుల ఇంట్లో మాట చెప్పి ఉంచండి.

ఇంతా అయ్యాక జనవరి మొదటి ఆదివారం ఎక్స్‌ఏటీ (ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ లాంటి సంస్థల్లో ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ తప్పుకు కోత 0.25, ఎనిమిది ప్రశ్నలకు మించి వదిలితే ఆపైన వదిలిన ఒక్కోదానికీ 0.10 పోతుంది. డిసెంబరులో కనీసం మూడు మాక్‌లు ఆ లెక్కతోనే రాయండి.