కుందేలు మెడకి కాలర్ వెయ్యాలా? వద్దు, దాని బదులు ఇలా చెయ్యండి

సూటిగా చెప్పేస్తాను. పెంపుడు కుందేలు మెడకి కాలర్ వద్దు. తోలుదైనా, గుడ్డదైనా, ఎలాస్టిక్‌దైనా, లాగితే ఊడిపోయే రకమైనా వద్దు. కుక్కకి వేస్తాం, పిల్లికి వేస్తాం, దీనికెందుకు వెయ్యకూడదని చాలామంది అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, ఎందుకంటే ప్యాకెట్ మీద కుందేలు బొమ్మ వేసి మరీ అమ్ముతున్నారు. అందుకే ఎందుకు వద్దో ముందు చెప్పి, కాలర్‌తో మీరు ఏ పని జరగాలనుకున్నారో ఆ పని వేరేగా ఎలా చేసుకోవాలో తర్వాత చెప్తాను.

కుందేలు ఒళ్లు శుభ్రం చేసుకుంటుంటే ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. వెనక కాళ్ల మీద లేచి కూర్చుంటుంది, ముందరి పాదాలు రెండూ గబగబా విదిలించి నాకుతుంది, ఆ తడి పాదాలతో మొహం రుద్దుకుంటుంది, చెవిని రెండు పాదాల మధ్య పట్టి కిందికి వంచి నాకుతుంది, ఆ తర్వాత గడ్డం ఛాతీకి ఆనించి మెడ కింది బొచ్చు సర్దుకుంటుంది. సరిగ్గా కాలర్ ఉండేది అక్కడే. పట్టీ కొంచెం వదులుగా ఉంటే కింది దవడ దాని కింద దూరి ఇరుక్కుంటుంది, లేదంటే ముందరి కాలు దూరుతుంది. ఇక బయటికి తీసుకోవడం చేతకాక గింజుకుంటుంది, గింజుకున్న కొద్దీ పట్టీ ఇంకా లోపలికి దిగుతుంది. పోనీ బిగుతుగా వేద్దామా అంటే ఊపిరికి ఇబ్బంది, చర్మానికి రాపిడి. చాలా ఆడ కుందేళ్లకి గడ్డం కింద గంగడోలు వేలాడుతుంటుంది కదా, ఆ మడతల్లో అసలే తడి చేరుతుంది, దాని మీద పట్టీ కూడా పడితే పుండు పడటానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ పుండు బొచ్చు కింద ఉంటుంది కాబట్టి పైకి కనపడదు. దాని మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి, అది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

ఇంకోటి, కుందేలు బెదిరే జంతువు. గిన్నె కిందపడినా, తలుపు గాలికి కొట్టుకున్నా ఎటు పడితే అటు దూకేస్తుంది. అలా దూకినప్పుడు కాలర్ బోను ఊచకో, కుర్చీ మేకుకో తగులుకుంటే ఒళ్లంతా ముందుకి, మెడ వెనక్కి. దాని అస్థిపంజరం మొత్తం కలిపి శరీర బరువులో ఏడెనిమిది శాతమే, పిల్లికైతే పన్నెండు పదమూడు శాతం ఉంటుంది. వెనక కాళ్లకి మాత్రం చెప్పలేనంత బలం. తప్పుగా పట్టుకుంటే కుందేలు తన్నిన తన్నుకి దాని నడుమే విరిగిపోతుంది. అంత బలం, అంత పెళుసు ఎముకలు ఒకే ఒంట్లో ఉన్నదాన్ని మెడ దగ్గర పట్టి ఆపే ఏ వస్తువైనా ప్రమాదమే.

లాగితే ఊడిపోయే కాలర్ అయితే పర్లేదు కదా అంటారు. ఊడటానికి కొంత బరువు పడాలి, తేలికపాటి కుందేలు లాగుడికి అది ఊడుతుందన్న నమ్మకం లేదు. ఊడిందే అనుకోండి, తర్వాత ఏం చేస్తుంది? కొరుకుతుంది. గుడ్డ, ప్లాస్టిక్, దారం అన్నీ కొరికి మింగుతుంది, కుందేలుకి వాంతి చేసుకోవడం రాదు, మింగింది పేగుల్లో అడ్డుపడుతుంది. జంటగా పెంచితే పక్కది దీని మెడ మీది పట్టీని కొరికిపెడుతుంది. "మాది చాలా నెమ్మది, ఎప్పట్నించో వేస్తున్నాం, ఏం కాలేదు" అనేవాళ్లతో నేను వాదించను. వాళ్లు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మువ్వల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎక్కడుందో తెలియాలని మెడలో చిన్న మువ్వ కడతారు. మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా వినే చెవులవి, ఆ చెవుల పక్కనే అడుగు వేసిన ప్రతిసారీ గలగలమంటే దానికి విశ్రాంతి ఎక్కడిది? అంతకంటే ప్రమాదకరమైనవి పేలు, గోమార్లు పోవడానికని మందు పట్టించి అమ్మే కాలర్లు. కుక్కలకి, పిల్లులకి చేసినవి కుందేలుకి అస్సలు వాడొద్దు. ముఖ్యంగా ఫిప్రోనిల్ అనే మందు, కాలర్‌లో కాదు కదా, మెడ మీద వేసే చుక్కల రూపంలో కూడా కుందేలుకి విషం. ఒంట్లో పేలు కనిపిస్తే వెట్ డాక్టర్‌కి చూపించి కుందేలు బరువుకి సరిపడా మందు రాయించుకోండి.

ఇక అసలు పని. తప్పిపోతుందేమో, దొరికినవాళ్లకి మన నంబర్ తెలియాలి కదా అన్నదే మీ భయమైతే దానికి మైక్రోచిప్ ఉంది. బియ్యపు గింజంత ఉంటుంది, డాక్టర్ సూదితో రెండు భుజాల మధ్య చర్మం కింద పెడతారు. దానికి బ్యాటరీ ఉండదు, కుందేలు ఎక్కడుందో ఫోన్‌లో చూపించదు, ఆ ఆశ పెట్టుకోకండి. స్కానర్ పెడితే ఒక నంబర్ కనిపిస్తుంది, మామూలుగా 15 అంకెలు, ఆ నంబర్ ఎదురుగా రిజిస్టర్‌లో మీ ఫోన్ నంబర్ ఉంటుంది. ఫోన్ మార్చినప్పుడు అక్కడ కూడా మార్పించుకోవాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఒకేలా ఉండే రెండు కుందేళ్లని గుర్తుపట్టడానికైతే చిప్ కూడా అక్కర్లేదు, చెవి లోపలి అంచున తినే రంగు ఒక చుక్క పెట్టి, చెరిగినప్పుడల్లా మళ్లీ పెట్టుకోండి.

పొరపాటున బయటికి వెళ్లిపోతే వెంటపడి పరిగెత్తొద్దు. దాని పెట్టె తలుపు తీసి, లోపల గడ్డి, ఇష్టమైన ఆకు పెట్టి, కాస్త దూరంగా నేల మీద కూర్చోండి. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ కుందేళ్లు చురుగ్గా తిరుగుతాయి, వచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ.

బయట తిప్పాలని ఉంటే కాలర్ కాదు, హార్నెస్ కావాలి, అంటే మెడకి కాకుండా ఒంటికి తొడిగి తాడు తగిలించే పట్టీ. అందులోనూ ఒంటికి జాకెట్‌లా తొడిగేది తీసుకోండి, బరువు ఛాతీ మీద, వీపు మీద పరుచుకుంటుంది. సన్నటి తాడుతో ఎనిమిది అంకెలా ఉండి, లాగిన కొద్దీ మెడ దగ్గర బిగిసే రకం వద్దు, అది కాలర్‌కి అన్న. కొనేముందు ముందరి కాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలవండి, "స్మాల్, మీడియం" అన్న మాట నమ్మకండి. తొడిగాక పట్టీకి, ఒంటికి మధ్య ఒక వేలు సులువుగా దూరాలి. రెండు మూడు వేళ్లు దూరితే వెనక్కి నడిచి తప్పించుకుంటుంది, కుందేళ్లకి ఆ విద్య బాగా తెలుసు.

మొదటిరోజే తొడిగి బయటికి తీసుకెళ్లడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ముందు హార్నెస్‌ని నేల మీద పడేసి వదిలేయండి, వాసన చూస్తుంది, గడ్డం రాసి తనదని ముద్ర వేసుకుంటుంది (కొరకడం మొదలుపెడితే తీసేయండి). తర్వాత దాని మీద తినేది పెట్టండి, ఇంకో రోజు వీపు మీద ఊరికే ఆనించి తీసేయండి. ఇవన్నీ అలవాటయ్యాక, నేల మీద మీరు కూర్చుని, మీ కాళ్ల మధ్య దాన్ని ఉంచుకుని తొడగండి, గాల్లోకి ఎత్తి మాత్రం వద్దు. మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు, అది కూడా మీ కళ్ల ముందే. చెవులు వెనక్కి అదిమిపెట్టి, కళ్లు పెద్దవి చేసి బండలా కదలకుండా ఉంటే బుద్ధిగా ఉందని మురిసిపోకండి, అది భయం. వెనక కాలితో నేల మీద ధన్‌మని కొట్టినా అంతే. తీసేసి మళ్లీ ఎప్పుడైనా చూడండి. కొన్ని కుందేళ్లు జన్మలో ఒప్పుకోవు, వాటిని వదిలేయడమే మర్యాద.

ఒప్పుకున్నదైతే తాడుని వీపు మీది రింగుకే తగిలించండి, మెడ దగ్గర కాదు. ఇక్కడ వాకింగ్ అంటే కుందేలు ఎటు వెళ్తే అటు వెనకే మీరు వెళ్లడం, అది ఆగితే మీరూ ఆగడం. లాగొద్దు. తాడు చెట్టుకి కట్టేసి పక్కకి వెళ్లొద్దు, ఒక్క నిమిషం కూడా. 25 డిగ్రీలు దాటిన ఎండలో బయటికి తేవొద్దు, దానికి చెమట పట్టదు, వేడి తట్టుకోలేదు. పురుగుమందు కొట్టిన గడ్డి ఉన్నచోటా వద్దు. నన్నడిగితే ఈ హార్నెస్ టెన్షన్ కన్నా నాలుగు వైపులా జాలీ కంచె, పైన కప్పు, లోపల దాక్కోవడానికి ఒక పెట్టె, ఇవే మేలు. అందులో అది పరిగెత్తుతుంది, గెంతుతుంది, హార్నెస్‌లో గెంతలేదు.

ఆపరేషన్ తర్వాత కుట్లు కొరక్కుండా మెడకి వేసే గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ వేరు సంగతి. డాక్టర్ వెయ్యమంటే వెయ్యాలి, కానీ అన్ని కుందేళ్లకీ అవసరం పడదు, అడిగి చూడండి. కుందేలు తన మెత్తటి పెంటికల్ని బయటికి వస్తుండగానే నేరుగా మలద్వారం నుంచే తినాలి, అందులోని పోషకాలు దానికి కావాలి, గరాటు ఉంటే నోరు అందదు.

ఇప్పటికే కాలర్ వేసి ఉంటే ఈరోజే తీసేయండి. నేల మీదే, వెల్లకిలా తిప్పకుండా, తువ్వాలులో చుట్టి ఒకరు పట్టుకోవాలి. బకిల్ రాకపోతే మొన తేలని కత్తెరతో కత్తిరించండి, చర్మానికీ పట్టీకీ మధ్య మీ వేలు ఉంచి మరీ, ఎందుకంటే దాని చర్మం చాలా పల్చన. తీశాక బొచ్చు వేళ్లతో పాయలు తీసి మెడ చుట్టూ చూడండి. బొచ్చు ఊడిన చోటు, ఎరుపు, తడి, వాసన ఏది కనిపించినా, గడ్డం కింద చొంగతో తడిసి ఉన్నా డాక్టర్‌కి చూపించాలి. తిండి మానేస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా తీసుకెళ్లండి.