ఇంగ్లండ్‌లో మీ సొంత పార్కింగ్ స్థలానికే చార్జీ నోటీసు వస్తే ఏం చేయాలి

మీ ఫ్లాటుతోపాటు వచ్చిన స్థలంలో మీ కారే నిలిపి ఉన్నా, పర్మిట్ కనిపించలేదంటూ ఒక ప్రైవేటు కంపెనీ అద్దానికి 100 పౌండ్ల నోటీసు అంటించి వెళ్లడం ఇంగ్లండ్, వేల్స్‌లలోని అపార్ట్‌మెంట్లలో తరచుగా జరిగేదే. నోటీసు చూడగానే చాలామంది కంగారుపడి, పర్మిట్ జారి సీటు కింద పడిందనీ, ఈ ఒక్కసారికి మన్నించమనీ కంపెనీకి రాసేస్తారు. ఆ ఉత్తరం మర్యాదగానే ఉంటుంది గాని, పర్మిట్ పెట్టవలసిన బాధ్యత తమకు ఉందని వారంతట వారే ఒప్పుకున్నట్టవుతుంది. పర్మిట్ కనిపించిందా లేదా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఆ స్థలంలో కారు నిలుపుకోవడానికి పర్మిట్ కావాలని మీ లీజులో ఎక్కడైనా ఉందా అన్నదే మొదటి ప్రశ్న. కనుక ఎవరికైనా ఒక్క వాక్యం రాసే ముందు లీజు తీసి చదవండి.

అంతకంటే ముందు నోటీసు ఎవరిచ్చారో చూసుకోవాలి. స్థానిక కౌన్సిల్ ఇచ్చే పెనాల్టీ చార్జి నోటీసునూ, ప్రైవేటు కంపెనీ ఇచ్చే పార్కింగ్ చార్జి నోటీసునూ పీసీఎన్ అనే అంటారు. మొదటిది చట్టం విధించే జరిమానా, దానికి అప్పీలు దారి వేరు. రెండోది జరిమానా కాదు; మీకూ తమకూ మధ్య ఒప్పందం ఉందనీ, దాన్ని మీరు ఉల్లంఘించారనీ కంపెనీ పంపే బిల్లు మాత్రమే. ప్రైవేటు స్థలాల్లో కారు కదలకుండా చక్రాలకు క్లాంపు (ఇనుప బిగింపు) వేసే పద్ధతిని 2012 అక్టోబరు 1 నుంచి నిషేధించారు కాబట్టి, డబ్బు రాకపోతే కంపెనీ చేయగలిగినది కౌంటీ కోర్టులో దావా వేయడమే.

ఇక లీజు సంగతి. లీజు అనగానే మనకు నెలనెలా అద్దె కట్టే ఒప్పందం గుర్తుకొస్తుంది గాని, ఇక్కడ 125 ఏళ్లకో 999 ఏళ్లకో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు చేతికి వచ్చే హక్కు పత్రం అది. దాని నకలు దొరకకపోతే కొన్నప్పటి సొలిసిటర్‌ను, అంటే లాయరును, అడగవచ్చు, లేదా ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే ల్యాండ్ రిజిస్ట్రీకి రుసుము కట్టి తెప్పించుకోవచ్చు. అందులో పార్కింగ్ అన్న మాట ఉన్న ప్రతి చోటూ, చివర జతపరిచిన ప్లానూ చూడాలి. మీ స్థలం చుట్టూ రంగు గీత గీసి, ఫ్లాటులో భాగంగానే దాన్ని ఇచ్చినట్టు రాసి ఉంటే మీ పట్టు చాలా గట్టిది. ఫలానా నంబరు స్థలాన్ని మీరొక్కరే వాడుకునే హక్కు ఇస్తున్నామని ఉంటే అదీ దాదాపు అంతే బలమైనది. ఖాళీ ఉన్నప్పుడు అందరితోపాటు ఏదో ఒకచోట నిలుపుకోవచ్చని మాత్రమే ఉంటే హక్కు ఉన్నట్టే గాని వాదన కొంత పలుచబడుతుంది. అసలు ప్రస్తావనే లేక, యజమాని తరఫున భవనాన్ని చూసుకునే మేనేజింగ్ ఏజెంటు ఇచ్చిన పర్మిటే మీకున్న ఏకైక ఆధారమైతే, లీజు మీద నిలబడే వాదన మీకు లేదు; నోటీసు తేదీలలోనో పార్కింగ్ బోర్డులలోనో లోపాలు వెతుక్కోవాలి.

ఇంకొక వాక్యాన్ని కూడా వెతకాలి, ఎందుకంటే కంపెనీ, ఏజెంటు ముందుగా చూపేది దాన్నే. భవన సముదాయం సక్రమ నిర్వహణ కోసం లీజు ఇచ్చిన భూయజమాని ఎప్పటికప్పుడు చేసే సహేతుకమైన నిబంధనలకు లీజుహోల్డరు, అంటే ఫ్లాటు కొన్నవారు, కట్టుబడాలని చాలా లీజుల్లో ఉంటుంది. పర్మిట్ పద్ధతి అలాంటి నిబంధనే అని వారు అంటారు. ఈ వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. అయితే పర్మిట్ పెట్టమని కోరే నిబంధన వేరు, పెట్టనందుకు లీజులో ఎక్కడా లేని 100 పౌండ్లు ఒక మూడో కంపెనీకి కట్టాలనడం వేరు. మీ జవాబు ఆ తేడా మీదే నిలబడాలి.

మీ హక్కుకు చట్టం ఎందుకు అండగా ఉంటుందో తెలిస్తే ఉత్తరం రాయడం సులువవుతుంది. ఒప్పందం కుదరాలంటే కంపెనీ మీకు ఏదో ఒకటి ఇవ్వజూపాలి. ఇప్పటికే మీదైన స్థలంలో కారు పెట్టుకోనిస్తామని గోడకు బోర్డు తగిలిస్తే, వారు మీకు ఇచ్చినది శూన్యం. లీజు ఇచ్చిన యజమాని, తానిచ్చిన హక్కుకు తానే కోత పెట్టకూడదన్నది పాత సూత్రం. పదమూడు పార్కింగ్ స్థలాలను నాలుగుకు తగ్గించిన యజమానికి వ్యతిరేకంగా 2001లో సయీద్ వర్సెస్ ప్లస్‌ట్రేడ్ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ తీర్పు చెప్పింది. లీజులను సామూహికంగా మార్చాలంటే 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 37వ సెక్షన్ ఒక మార్గం చూపుతుంది. తొమ్మిదీ అంతకు మించీ ఫ్లాట్లు ఉన్నచోట కనీసం 75 శాతం మంది ఒప్పుకోవాలి, 10 శాతానికి మించి ఎవరూ వ్యతిరేకించకూడదు, ఆపైన ట్రిబ్యునల్ ఆదేశం కావాలి. ఇకపై పర్మిట్ పెట్టాలంటూ లిఫ్టులో అంటించిన కాగితం వీటిలో దేనికీ సాటి రాదు.

నేరుగా ఈ విషయం మీదే వచ్చిన తీర్పు జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్ సర్వీసెస్. బల్ల దించుకోవడానికి భవనం ద్వారం దగ్గర కాసేపు కారు ఆపిన నివాసి మీద వేసిన చార్జీ చెల్లదని, లీజు ఇచ్చిన హక్కులను పార్కింగ్ కంపెనీ బోర్డులు మార్చలేవని 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు అప్పీలులో తేల్చింది. ఇతర కోర్టులు దీన్ని తప్పక పాటించాలని లేదు గాని, అప్పీలు తీర్పు కనుక న్యాయమూర్తులు దానికి విలువనిస్తారు. దీనికి జవాబుగా కంపెనీలు చూపేది 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు, పార్కింగ్ ఐ వర్సెస్ బీవిస్. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత సమయానికి 56 నిమిషాలు మించి ఉన్నందుకు వేసిన 85 పౌండ్లను కోర్టు అందులో సమర్థించింది. అక్కడ కారు పెట్టినాయనకు ఆ స్థలం మీద ముందునుంచీ ఏ హక్కూ లేదు, మీకు ఉంది. ఈ తేడాను ఉత్తరంలో మీరే ముందుగా ఎత్తిచూపడం మంచిది.

మొదటి ఉత్తరం కంపెనీకి కాక మేనేజింగ్ ఏజెంటుకు వెళ్లాలని నా అభిప్రాయం. కంపెనీని పిలిచింది వారు, నోటీసు రద్దు చేయమని చెప్పగలిగేదీ వారే. లీజులోని వాక్యాన్ని పేజీ నంబరుతో సహా ఉటంకించి, మీ హక్కుకు అడ్డుపడే అధికారం తమకు ఎక్కడినుంచి వచ్చిందో చూపమని అడగండి. సరైన జవాబు రాకపోతే, ఏజెంటు సభ్యత్వం తీసుకున్న ఫిర్యాదు పరిష్కార సంస్థ దాకా వెళ్లవచ్చు. ఇంగ్లండ్‌లో అలాంటి సభ్యత్వం ఏజెంట్లకు తప్పనిసరి.

అయితే ఏజెంటు జవాబు కోసం ఎదురుచూస్తూ కంపెనీకి అప్పీలు చేసే 28 రోజుల గడువు దాటనివ్వకండి. పద్నాలుగు రోజుల్లో కడితే 60 పౌండ్లే అన్న తగ్గింపు మిమ్మల్ని తొందరపెట్టడానికే. ఒకసారి కడితే వివాదం ముగిసినట్టే. అప్పీలును కారు రిజిస్టర్డ్ కీపరుగా, అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో ఆ వ్యక్తిగా రాయండి, నడిపింది ఎవరో చెప్పవలసిన అవసరం లేదు. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టంలోని నాలుగో షెడ్యూలు ప్రకారం, డ్రైవరు ఎవరో తెలియనప్పుడు కీపరును బాధ్యుణ్ణి చేయాలంటే కంపెనీ గడువులు పాటించాలి. అద్దం మీద ఏమీ అంటించకుండా కెమెరా ఫొటోతో పోస్టులో పంపితే, కారు ఆపిన మర్నాటి నుంచి 14 రోజుల్లో నోటీసు మీకు అందాలి. అద్దానికి నోటీసు అంటించి ఉంటే, 28 రోజులు గడిచాక ఆ తర్వాతి 28 రోజుల్లోపు అందాలి. కవరు పారేయకండి, వచ్చిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి.

కంపెనీ తిరస్కరిస్తే, అది ఏ పార్కింగ్ కంపెనీల సంఘంలో సభ్యురాలన్నదాన్ని బట్టి, పోప్లా, ఐఏఎస్ అనే రెండు అప్పీలు సంస్థల్లో ఒకదానికి స్వతంత్ర అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ గెలిస్తే కంపెనీ కట్టుబడాలి, ఓడితే మీరు కట్టుబడనక్కరలేదు. అప్పీలుకు లీజు నకలు జతచేయడం, భూయజమానితో తనకున్న ఒప్పందాన్ని చూపమని కంపెనీని కోరడం మరవద్దు.

ఆ తర్వాత ఎర్ర అక్షరాలతో వసూలు సంస్థల ఉత్తరాలు వరుసకడతాయి, అదనంగా 70 పౌండ్లు కూడా కలుపుతారు. వారు కోర్టు అధికారులు కారు, ఇంటికి వచ్చి సామాను పట్టుకుపోలేరు. పైగా ఇందాక చెప్పిన నాలుగో షెడ్యూలు కింద కీపరు నుంచి నోటీసులోని మొత్తానికి మించి రాబట్టే వీలు లేదు. కానీ దావాకు ముందు వచ్చే ఉత్తరాన్ని మాత్రం పక్కన పడేయకూడదు. దానికి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. నిజమైన కోర్టు కాగితం వస్తే, అది అందినట్టు లెక్కించే రోజు నుంచి 14 రోజుల్లో స్పందించాలి. ముందుగా ఆ కాగితం అందిందని కోర్టుకు తెలియజేస్తే ప్రతివాదానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఏమీ చేయకపోతే ఎంత మంచి లీజు ఉన్నా మీకు వ్యతిరేకంగా ఏకపక్ష తీర్పు వస్తుంది, నెలలోపు కట్టకపోతే అది ఆరేళ్లు మీ క్రెడిట్ రికార్డులో ఉండి ఇంటి రుణానికి అడ్డుపడుతుంది. ఇల్లు మారినవారు కారు రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్‌లో చిరునామా మార్చడం మరచిపోతే ఈ ఉత్తరాలన్నీ పాత ఇంటికే వెళ్తాయి కాబట్టి, ఆ పని ఈరోజే చూసుకోండి.

అద్దెకుంటున్నవారైతే మీ అద్దె ఒప్పందంలో పార్కింగ్ స్థలం రాసి ఉందో లేదో చూసి, ఇంటి యజమాని నుంచి ఆయన లీజులోని సంబంధిత పేజీలు తీసుకోండి. ఆయనకున్న హక్కే మీకు వస్తుంది, అంతకు మించి రాదు.

విచారణ దాకా వెళ్తే లీజు, రంగు ప్లాను, మీ స్థలం ఫొటోలు, బోర్డుల ఫొటోలు, ఏజెంటుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు పేజీ నంబర్లతో ఒక కట్టగా పెట్టుకోవాలి. కంపెనీ మధ్యలోనే వెనక్కి తగ్గితే సంతోషించి ఊరుకోవద్దు. మీ నంబరు స్థలానికి ఈ పర్మిట్ పద్ధతి వర్తించదని ఏజెంటు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే వచ్చే నెల అదే అద్దానికి ఇంకో నోటీసు అంటిస్తారు.