డైనోసార్ పేర్లను విడదీసి అర్థం చేసుకోవడం ఎలా?

పిల్లలు గడగడా చెప్పేసే డైనోసార్ పేర్లకు పెద్దవాళ్లకు నోరు తిరగదు. వాటిలో చాలావరకు గ్రీకు ముక్కలు కలిపి కట్టినవే. కొన్ని ముక్కలు తెలిస్తే ఎంత పొడుగు పేరైనా టెన్షన్ లేకుండా విప్పేయొచ్చు.

1. పేరు చివర నుంచి మొదలుపెట్టండి. "సారస్" అని ఉంటే అది గ్రీకు "సౌరోస్", అంటే బల్లి. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ దానికి ముందు "డెయినోస్" చేర్చి డైనోసారియా అన్నాడు. డెయినోస్ అంటే భయంకరం. ఆ జంతువుల పరిమాణం చూస్తేనే గుండె ఝల్లుమంటుందన్నది ఓవెన్ ఉద్దేశం. డైనోసార్లు నిజంగా బల్లులు కావు. ఇంకో జాగ్రత్త: సారస్ ఉన్నంత మాత్రాన అది డైనోసార్ అనుకోకండి. ఇక్తియోసారస్ సముద్రంలో ఈదిన వేరే సరీసృపం. "ఇక్తిస్" అంటే చేప.

2. ఇక ముందు భాగం చూడండి. ట్రైసెరటాప్స్‌లో "ట్రై" మూడు, "కెరాస్" కొమ్ము, "ఆప్స్" ముఖం. మూడు కొమ్ముల మొహం! ఆ "ట్రై" మన త్రిశూలంలోని "త్రి"కి చుట్టమే. స్టెగోసారస్‌లో "స్టెగోస్" అంటే ఇంటికప్పు. 1877లో ఈ పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్త మార్ష్, దాని వీపు మీది పలకలు కప్పు మీది పెంకుల్లా పరుచుకుని ఉండేవనుకున్నాడు. అవి నిటారుగా నిలబడేవని తర్వాత తేలింది. అయినా పేరు మారలేదు. అందుకే పేరును జంతువు వర్ణనగా కాకుండా, పేరు పెట్టినవాళ్ల ఊహగా చదవండి. నాకు ఈ పేర్లలో అన్నిటికంటే నచ్చేది అదే.

3. లాటిన్‌నూ గుర్తుపట్టండి. టైరనోసారస్ రెక్స్‌లో "టైరనోస్" గ్రీకు, నిరంకుశుడు. "రెక్స్" లాటిన్, రాజు.

4. రెండో మాటను వదిలేయకండి. అక్కడ తరచూ ఊరో మనిషో ఉంటారు. మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌లో తెలంగాణ ఊరు యామన్‌పల్లి ఉంది. "ఎన్సిస్" అంటే ఆ చోటికి చెందినది. బరపాసారస్ టాగోరై ఇంకా ముచ్చటైనది: బెంగాలీలో "బర పా" అంటే పెద్ద కాలు, దానికి గ్రీకు బల్లి, ఆపైన రవీంద్రనాథ్ టాగూర్.

5. సాధన చేయండి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, పక్కనున్న బోర్డు మీది పేరును వాళ్లచేతే ముక్కలు చేయించండి.