పీ53ని ఎండీఎం2 పట్టు నుంచి విడిపించే అణువును పరీక్షించడం ఎలా?

పీ53 కణితులు పెరగకుండా ఆపే ప్రోటీన్; ఎండీఎం2 దాన్ని పట్టుకుని అణచేసే మరో ప్రోటీన్. పీ53లోని అమైనో ఆమ్లాలు ఫినైల్‌అలనీన్-19, ట్రిప్టోఫాన్-23, ల్యూసిన్-26 ఎండీఎం2 మీదున్న లోతైన గుంటలో దిగబడతాయి. చిన్న అణువు ఇమిడేంత చోటున్నది అక్కడే. 2004లో వెలుగుచూసిన నట్లిన్లు అనే చిన్న అణువులు దూరిందీ అందులోకే.

ముందు ఫ్లోరసెన్స్ పోలరైజేషన్: వెలిగే చిన్న పెప్టైడ్ ప్రోటీన్‌కు అతుక్కుంటే నెమ్మదిగా తిరుగుతుంది, పోలరైజేషన్ పెరుగుతుంది; అణువు దాన్ని విడిపిస్తే తగ్గుతుంది. 384 వెల్స్ నల్ల ప్లేటులో, ఫ్లోరెసీన్ తగిలించిన పీ53 పెప్టైడ్‌ను 5 నానోమోలార్ దగ్గర ఉంచి, ఎండీఎం2ను పెంచుతూ గ్రాఫ్ గీయండి. 60–80 శాతం పెప్టైడ్ అతుక్కునే మోతాదు దగ్గర ఆగండి. ప్రోటీన్ ఎక్కువ పోస్తే సిగ్నల్ ముచ్చటగా ఉంటుంది గానీ, బలమైన అణువులన్నీ ఒకేలా కనిపిస్తాయి: ఐసీ50 (సగం పెప్టైడ్‌ను విడిపించే అణువు మోతాదు) ప్రోటీన్ గాఢతలో సగానికంటే కిందికి దిగదు.

అణువులను కరిగించే ద్రావణి డీఎంఎస్ఓ ప్రతి వెల్‌లోనూ 1 శాతమే, కంట్రోల్స్‌తో సహా. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కూడా 0.01 శాతం కలపండి. అది లేకపోతే ముద్దకట్టే అణువులు ప్రోటీన్‌ను చుట్టేసి, దొంగ హిట్లుగా తేలతాయి. మొత్తం ఫ్లోరసెన్స్ పెరిగిందా, అణువే వెలుగుతోందన్నమాట. కంట్రోల్‌గా నట్లిన్-3ఏతో పాటు దాని అద్దపు జంట 3బీని కూడా పెట్టండి. అది సుమారు 150 రెట్లు బలహీనం.

తర్వాత కణాలు. ఎస్‌జేఎస్ఏ-1 అనే ఎముక క్యాన్సర్ కణాల్లో పీ53 మామూలుగా ఉంటుంది, ఎండీఎం2 జన్యు కాపీలు ఎక్కువ. పక్కనే పీ53 లేని సావోస్-2 కణాలు. 24 గంటలయ్యాక వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ల మోతాదు చూపే పరీక్ష) పీ53, అది పురికొల్పే పీ21, ఎండీఎం2 మూడూ మొదటిదాంట్లోనే పెరగాలి. ఎండీఎం2 పెరిగిందని కంగారొద్దు, ఆ జన్యువును పురికొల్పేది పీ53యే. సావోస్-2 కూడా అంతే మోతాదుకు చస్తుంటే ఆ అణువు వేరే దారిలో చంపుతోంది, పక్కన పెట్టేయండి.